నూకాలు బాతు సోలార్ పర్మిషన్

రెల్లులంక అని ఒక ఊరుంది. మ్యాపులో వెతక్కండి, దొరకదు. అక్కడుండేవాళ్లంతా నాలుగు కాళ్లవాళ్లూ, రెక్కలవాళ్లూను. పేరుకి లంకే గానీ దానికీ ఒక మునిసిపాలిటీ ఉంది. ఆ ఆఫీసు ముందు ఒక అరుగుంది. అరుగు గోడ మీద ఊరి నియమాలన్నీ రాసిన పెద్ద బోర్డు ఉంది. పొద్దున్న ఎనిమిదయ్యేసరికి ఆ బోర్డుకి వీపు ఆనించి నక్క పానకాలు కూర్చుని ఉంటాడు. ఆయనకి ఆ ఆఫీసులో ఉద్యోగమేమీ లేదు. కానీ ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్లినవాళ్లూ లేరు.

కథ ఆయనది కాదు లెండి. కాలువ గట్టు కింద వీధిలో ఉండే బాతు నూకాలుది.

బాతులకి గుడ్లు పెట్టడం వచ్చినంత బాగా పొదగడం రాదు. నీళ్లు కనబడితే చాలు, గుడ్లూ లేవు గిడ్లూ లేవు, దిగిపోతాయి. తన సంగతి తనకి తెలుసు కనక నూకాలు ఒక చెక్కపెట్టె చేయించుకుని, అందులో బల్బు పెట్టి, ఆ వేడికి గుడ్లు పొదిగిస్తూ ఉంటుంది. కిందటేడు అలాగే తొమ్మిది పెట్టింది. మాఘమాసం చలి. మూడు రోజులు వరసగా కరెంటు పోయింది. తొమ్మిదీ చల్లబడిపోయాయి. ఆ తర్వాత నెలరోజులు నూకాలు కాలువలో కాలు పెట్టలేదు. బాతు నీళ్లలోకి దిగలేదంటే ఎంత ఏడ్చి ఉంటుందో మీరే అనుకోండి.

ఈ ఏడు పదకొండు గుడ్లు. కరెంటు మాత్రం ఎప్పటిలాగే పోతోంది. పోయినప్పుడల్లా పక్కింటి కోడి వెంకాయమ్మ పరుగున వచ్చి, గుడ్ల మీద రెక్కలు పరిచి కూర్చుంటోంది. అలా పన్నెండు రోజులు నెట్టుకొచ్చారు ఇద్దరూ.

ఆ సోమవారం పొద్దున్నే వెంకాయమ్మ వచ్చి గడపలో నిలబడింది.

“వదినా, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకు. వచ్చేవారం గురువారం నుంచి నేనూ నా గుడ్ల మీద కూర్చోవాలి. కూర్చున్నానంటే ఇక లేవను. తెలుసుగా నా సంగతి.”

“తెలుసు వదినా. ఇన్నాళ్లు కాచావు, అదే పదివేలు.”

“మరి నీ గుడ్లో?”

నూకాలు పెరట్లోకి చూసింది. అక్కడ గోనెసంచి కింద రెండు సోలార్ పలకలూ ఒక బ్యాటరీ నెల్లాళ్లుగా పడి ఉన్నాయి. తెచ్చుకోవడమైతే సరదాగా తెచ్చుకుంది. బిగించాల్సిన కోతి మేస్త్రి మాత్రం, “మునిసిపాలిటీ పర్మిషన్ కాగితం చూపిస్తేనే కప్పెక్కుతానమ్మా, లేకపోతే నా సామాన్లు లాక్కుంటారు” అని వెళ్లిపోయాడు.

“ఈ పది రోజుల్లో ఆ కాగితం తెచ్చుకోవాలి,” అంది నూకాలు.

“పది రోజుల్లోనా! ఆ ఆఫీసులోనా! ఆ తాబేలు కూర్మారావు దగ్గరా!” వెంకాయమ్మ మెడ మూడువైపులా తిప్పింది. “ఎలక ఎర్రయ్య రెండేళ్ల నుంచి తిరుగుతున్నాడు వదినా ఇదే పని మీద. గోళ్లరిగిపోయాయి గానీ కాగితం రాలేదు. నువ్వేమో పది రోజులంటున్నావు!”

అయినా నూకాలు బయల్దేరింది.

అరుగు మీద పానకాలు పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. “రా చెల్లెమ్మా, రా. ఏంటిలా వచ్చావు?”

“ఆయ్, సోలార్ పర్మిషన్ కోసమండి.”

“అయ్యయ్యో, సోలారా!” పానకాలు నుదురు పట్టుకున్నాడు. “దానికి పద్నాలుగు కాగితాలు కావాలే తల్లీ. కప్పు పటం, గోడ పటం, గోడ నీడ పటం, మీ తాతగారి పుట్టినతేదీ సర్టిఫికెట్టు...”

“మా తాత గుడ్డులోంచి వచ్చాడండి.”

“ఆ గుడ్డు ఎవరు పెట్టారో దానికీ ఒక కాగితం. లోపలున్నాడే కూర్మారావు, మహా మొండిఘటం. దరఖాస్తు చూశాడంటే మెడ లోపలికి లాక్కుంటాడు. దాన్ని బయటికి తీయించడం ఈ ఊళ్లో నా ఒక్కడి వల్లే అవుతుంది. నువ్వు బెంగపెట్టుకోకు. నీ దరఖాస్తు నాకిచ్చి, రెండు గుడ్లు ఇచ్చి, ఇంటికెళ్లి హాయిగా ఉండు.”

“గుడ్లాండి?”

“ఒకటి లోపలివాళ్లకి. ఒకటి పైవాళ్లకి.”

“మరి మీకండి?”

“నాకా! ఛ, ఛ! నేను చేసేది సేవ.” అంటూనే పానకాలు పెదాలు నాక్కున్నాడు.

అబద్ధమెందుకు, నూకాలు ఒక్క నిమిషం ఆలోచించింది కూడా. రెండు పోతే తొమ్మిదైనా దక్కుతాయి. కిందటేడు ఒక్కటీ దక్కలేదు కదా. కానీ ఇంటికెళ్లి పెట్టె తెరిచి ఏ రెండు తీయాలి? నీలపు చాయలో ఉన్నదా? కోలగా ఉన్నదా? నిన్న చెవి ఆనిస్తే లోపల కదిలినట్టనిపించిందే, అదా?

“ఏ రెండు ఇమ్మంటారండి?” అంది నూకాలు.

“ఏవైతేనేం? అన్నీ ఒకటేగా!”

ఆ మాటకి నూకాలుకి ఎక్కడలేని కోపం వచ్చింది. ఇంకో మాట మాట్లాడకుండా పానకాలు తోక పక్కనించి అడ్డంగా నడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో అలా ఎవరూ వెళ్లలేదేమో, పానకాలు నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

లోపల బల్ల వెనక తాబేలు డిప్ప ఒకటే కనిపిస్తోంది. మెడ నిజంగానే లోపలుంది. నూకాలు బల్ల ముందు నిలబడింది. చాలాసేపటికి మెడ మెల్లిగా బయటికొచ్చింది.

“ఎవరూ?”

“నూకాలునండి. కాలువ కింద వీధి. మా కప్పు మీద సోలార్ పలకలు పెట్టుకుందామని...”

కూర్మారావు మెడ ఇంకో జానెడు సాగింది. “సోలారా! నిజంగానే?” బల్ల సొరుగు లాగి, దుమ్ము ఊది ఒక ఫారం తీశాడు. “ఇవి అచ్చేయించి నాలుగేళ్లయిందమ్మా. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. ఈ ఊరివాళ్లకి ఎండంటే గిట్టదేమో అనుకున్నాను.”

“పద్నాలుగు కాగితాలండి?”

“ఒక్కటే. ఇంటి నంబరు వెయ్యి. కప్పు బొమ్మ గీసి పలకలు ఎక్కడ పెడతావో చూపించు. కప్పు బరువు మోస్తుందని మేస్త్రి సంతకం చేయించు. మూడు రోజులు నీ తలుపు మీద నోటీసు అంటిస్తాం. వీధిలో ఎవరికీ అభ్యంతరం లేకపోతే మా ఇన్‌స్పెక్టరు, మేక గంగాధరం, కప్పెక్కి చూస్తాడు. ముద్ర వేసి ఇచ్చేస్తాను.”

“మరి ఎలక ఎర్రయ్య దరఖాస్తు...”

“ఎర్రయ్యా? ఆయనెవరు?”

నూకాలు ఫారం రెక్క కింద పెట్టుకుంది. వెళ్లబోతూ ఆగింది. “మెడ ఎందుకండీ లోపల పెట్టుకుంటారు?”

“చలేస్తుందమ్మా,” అన్నాడు కూర్మారావు. “ఈ గదిలోకి ఎండ రాదు.”

మర్నాటికల్లా ఫారం నిండింది. నూకాలు కప్పు బొమ్మ కాలితోనే గీసింది, కాస్త వంకరగా వచ్చింది గానీ కప్పూ కొంచెం వంకరే. మేస్త్రి సంతకం పెట్టాడు. కూర్మారావు నోటీసు రాసిస్తే మేక గంగాధరం తెచ్చి తలుపుకి అంటించాడు. గంగాధరం మంచివాడే. కాకపోతే కాగితం చేతిలో ఉంటే నమిలేస్తాడు. అందుకని కూర్మారావు అతని చేతికి ఎప్పుడూ రెండు నోటీసులిచ్చి పంపుతాడు.

బుధవారం సాయంత్రం వెంకాయమ్మ రొప్పుతూ వచ్చింది. “విన్నావా వదినా! ఆ పానకాలు మా ఇంటికొచ్చాడు. నీ పలకల మీంచి ఎండ తిరిగి నా కళ్లల్లో కొడుతుందని అభ్యంతరం రాసివ్వాలట! మెత్తగా మాట్లాడుతున్నాడు, మా గుడ్ల వంకే చూస్తున్నాడు. నా ముక్కు ఎలా పొడుస్తుందో చూపించాను. గోడ దూకి పోయాడు.”

“మా వదినవి నువ్వు,” అంది నూకాలు, కళ్లు తుడుచుకుంటూ.

“ఏడవకు. రేపొక్కటీ, ఎల్లుండొక్కటీ. నోటీసు గడువు అయిపోతుంది.”

శుక్రవారం వచ్చింది. గడువు ముగిసేది ఆ మధ్యాహ్నమే. నూకాలు ఆఫీసుకి వెళ్లేసరికి అరుగు ఖాళీగా ఉంది. పానకాలు అరుగు దిగి ఆఫీసులోకి వెళ్తుంటే తోక కొస కనిపించింది. వీధిలో ఎవరూ అభ్యంతరం మీద సంతకం పెట్టకపోయేసరికి, పంతం కొద్దీ తనే అభ్యంతరం చెప్పడానికి వెళ్తున్నాడన్నమాట.

నూకాలు బోర్డు వైపు చూసింది. పానకాలు వీపు ఇన్నేళ్లుగా దాచేసిన అడుగు వరసలు మొదటిసారి బయటపడ్డాయి. ఏడో నియమం అందరికీ తెలిసిందే, పానకాలు నోటంట ఊరంతా విన్నదే: అభ్యంతరం చెప్పేవారు ఇబ్బంది పడే ఇంటివారై ఉండాలి. ఎనిమిదోది ఎవరూ చదవలేదు. పానకాలు కూడా చదివి ఉండడు, వీపుకి కళ్లుంటాయా ఏమిటి? అభ్యంతరం చెప్పినవారి గుమ్మంలో నిలబడి ఇన్‌స్పెక్టరు స్వయంగా చూసి తేల్చవలెను.

నూకాలు దాన్ని రెండుసార్లు చదువుకుంది. తనకి ఒక సంగతి తెలుసు. రోజూ పొద్దున్న కాలువలో ఈదేటప్పుడు చూస్తూనే ఉంది. ఊళ్లోవాళ్ల సంగతులు మనకెందుకులే అని ఇన్నాళ్లూ నోరెత్తలేదంతే.

లోపలికి వెళ్లేసరికి కూర్మారావు అంటున్నాడు: “పానకాలు గారూ, మీకు ఈ ఊళ్లో ఇల్లే లేదు కదా! ఇంటిపన్ను అడిగినప్పుడల్లా అడవి నుంచి వస్తున్నానంటారు. మీ అభ్యంతరం ఎలా చెల్లుతుంది?”

“ఊరి మేలు కోరి చెప్తున్నానండీ.”

“ఊరి మేలుకి ఫారం లేదు. వెళ్లిరండి.”

పానకాలు చెవులు వాల్చి వెనక్కి తిరిగాడు. అక్కడితో వదిలేసినా నూకాలుకి కాగితం వచ్చేది. కానీ ఎర్రయ్య అరిగిన గోళ్లు గుర్తొచ్చాయి. రేపు ఇంకో తల్లి వస్తుంది, దాన్నీ గుడ్లడుగుతాడు. నూకాలు గొంతు సవరించుకుంది. మాట తేనెలా వచ్చింది.

“కూర్మారావు గారండీ, పాపం పెద్దాయన్ని అలా పంపించెయ్యకండి. ఆయనకి మా వీధిలో ఇల్లుందేమో! మా పలకల మీంచి ఎండ ఆయన గుమ్మంలోకి కొడితే, ఆ ఉసురు నాకు తగలదూ? ఇల్లు ఉందని ఆయన రాసిస్తే చాలు. గుమ్మంలోకి ఎండ కొట్టే మాట నిజమైతే, నా దరఖాస్తు నేనే చింపేసుకుంటాను.”

“తొందరపడకమ్మా,” అన్నాడు కూర్మారావు కంగారుగా.

పానకాలు కళ్లు మెరిశాయి. ఎదురుగా ఒక వెర్రిబాతు తన మెడ తనే ఇస్తోంది. ఇంకెందుకు ఆగుతాడు! “ఎందుకు లేదూ! ఉంది! బ్రహ్మాండమైన ఇల్లు! సరిగ్గా నీ కప్పుకి ఎదురుగానే. తెల్లారితే నీ పలకల మెరుపు నా గుమ్మంలోకి కొట్టి నా కళ్లు పోవూ?”

“రాసి సంతకం పెట్టండి మరి,” అంది నూకాలు.

రాశాడు. పెట్టాడు. తోక కూడా ఎగరేశాడు.

కూర్మారావు ఆ కాగితాన్ని నిదానంగా చదివి, గంగాధరానికి అందనంత దూరంలో సొరుగులో పెట్టి తాళం వేశాడు. “గంగాధరం, పద.”

“ఎక్కడికండీ?” అన్నాడు పానకాలు.

“మీ గుమ్మంలోకి. ఎనిమిదో నియమం.”

“ఎనిమిదోదా? అదెక్కడుంది?”

“మీ వీపు వెనకండి,” అంది నూకాలు.

పానకాలు మొహం పాలిపోయింది. ఇంట్లో సున్నాలేస్తున్నారన్నాడు. తాళంచెవి పోయిందన్నాడు. గుమ్మం చాలు, లోపలికి రామన్నాడు గంగాధరం. సరే, బయల్దేరారు. ఇన్‌స్పెక్టరు పగటిపూట నడిచి వెళ్తుంటే ఊరు ఊరుకుంటుందా? వెంకాయమ్మ, ఎర్రయ్య, కుందేళ్లు, రెండు గేదెలు, అందరూ వెంటపడ్డారు. పానకాలు వాళ్లని వీధిలో ఈ చివర్నించి ఆ చివరికి మూడుసార్లు తిప్పాడు. ప్రతి ఇంటి ముందూ గంగాధరం “ఇదేనా?” అనడం, ఆయన “ఇంకాస్త ముందుకి” అనడం.

ఈలోగా కాలువలోంచి కేక వినిపించింది. నూకాలు ఎప్పుడు దిగిందో నీళ్లలో దిగి, గట్టు పక్కన తేలుతోంది.

“ఇటండీ, పానకాలు గారూ! దారి మర్చిపోయారా? మీ గుమ్మం ఈ రెల్లు వెనక కదండీ! రోజూ పొద్దున్నే ఆవులించుకుంటూ బయటికొస్తారే!”

గంగాధరం రెండు గంతుల్లో గట్టెక్కి రెల్లు పక్కకి తోశాడు. కాలువ గట్టులోకి నక్క బొరియ. ఒకటి కాదు, మూడు గుమ్మాలు. ఒక గుమ్మం అడుగున మట్టి తడిసి, నీటి ఊట సన్నగా కిందకి జారుతోంది. గట్టుకి ఇవతల నూకాలు ఇల్లు, వెంకాయమ్మ ఇల్లు, వీధంతా. గట్టు తెగితే ఒక్క గుడ్డు కాదు, ఒక్క ఇల్లు మిగలదు.

“గట్టు తవ్వావా!” అన్నాడు కూర్మారావు. ఆయన అంత గట్టిగా అరవడం రెల్లులంక ఎప్పుడూ వినలేదు.

గంగాధరం బొరియలో తలదూర్చి చూసి, “సార్, లోపల పరుపుంది. కాగితాల పరుపు,” అన్నాడు నీళ్లూరుతున్న నోటితో.

“నోరు ముయ్, గంగాధరం! ఒక్క కాగితం నమిలావంటే ఊరుకోను! బయటికి తియ్యి!”

తీశారు. అన్నీ దరఖాస్తులే. నాలుగేళ్లుగా ఊళ్లోవాళ్లు పానకాలు చేతిలో పెట్టినవి, మెత్తగా నలిపి, వరసలు వరసలుగా పరిచి ఉన్నాయి. ఎలక ఎర్రయ్య తనది వెతికి పట్టుకుని, దాని మీద పడుకుని ఏడ్చేశాడు. “రెండేళ్లు! రెండేళ్లు ఈయన పడుకోవడానికా నేను తిరిగింది!” కుందేళ్లు కర్రల కోసం చూశాయి. అప్పటికే పానకాలు మూడో గుమ్మంలోంచి జారుకున్నాడు. మిగిలిన పని గేదెలు చూసుకున్నాయి. సాయంత్రానికల్లా మట్టి తొక్కి గట్టు గట్టిపరిచేశాయి.

“మరి ఈయన అభ్యంతరం, సార్?” అని అడిగాడు గంగాధరం.

“గుమ్మమే చెల్లదు, అభ్యంతరం ఎలా చెల్లుతుంది?” అన్నాడు కూర్మారావు. ఆ సాయంత్రమే గంగాధరం నూకాలు కప్పెక్కి, నాలుగు మూలలా గెంతి, బాగుందన్నాడు. సోమవారం ముద్ర పడింది. బుధవారం పలకలు కప్పు మీద కూర్చున్నాయి.

గురువారం అనుకున్నట్టే వెంకాయమ్మ తన గుడ్ల మీద కూర్చుంది. అనుకున్నట్టే కరెంటూ పోయింది. నూకాలు ఊపిరి బిగబట్టి పెట్టెలోకి తొంగిచూసింది. బల్బు ఆరలేదు. ఎర్రగా, వెచ్చగా, ఏమీ ఎరగనట్టు వెలుగుతోంది. నూకాలు పెట్టె పక్కన కూలబడి పెద్దగా నవ్వింది, ఆ నవ్వు పక్కింట్లో కూర్చున్న వెంకాయమ్మకి వినిపించింది.

ఆరో రోజున గుడ్లు విచ్చాయి. పది పిల్లలు. పదకొండోది విచ్చలేదు. నూకాలు దాని దగ్గర ఒక పూటంతా కూర్చుంది, ఏడ్చింది. తర్వాత లేచి పదింటినీ వరసగా నడిపించుకుంటూ కాలువకి తీసుకెళ్లింది.

పానకాలు సంగతి చెప్పలేదు కదూ. అడవిలో ఆయన్ని రానివ్వలేదు, అక్కడ ఆయన్ని ఎరిగినవాళ్లెవరూ లేరు మరి. నెల తిరక్కుండా చిక్కి సగమై ఊళ్లోకొచ్చి, కూర్మారావు ముందు నిలబడ్డాడు. ఊరి చివర జానెడు చోట గుడిసె వేసుకుంటానన్నాడు. కూర్మారావు ఫారం ఇచ్చాడు. పానకాలు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఇన్నేళ్లలో వందల దరఖాస్తులు చేతిలోకి వచ్చాయి గానీ ఒక్క ఫారమూ నింపి ఎరగడు. నింపడానికి పొద్దుగూకింది.

తర్వాత ఆ ఖాళీ చోట కర్ర పాతి నోటీసు అంటించారు. పానకాలు మూడు రోజులు దాని పక్కనే కూర్చున్నాడు. అన్నం సహించలేదు. ఎవరొచ్చి అభ్యంతరం రాస్తారో, ఎంతమంది రాస్తారో అని దారి వంక చూస్తూనే ఉన్నాడు. ఎర్రయ్య వచ్చాడు, ఆగలేదు. కుందేళ్లు వచ్చాయి, ఆగలేదు. వెంకాయమ్మ అసలు రానేలేదు. నోటీసు చదవడానికైనా ఎవరికీ తీరిక లేదు. ఊరు ఊరంతా ఎవరి కప్పు మీద వాళ్లు పలకలు బిగించుకుంటున్నారు.

నీతి: ఎదుటివాళ్ల కప్పు మీద అభ్యంతరం రాసేముందు, నీ గుమ్మం ఏ గట్టులో తవ్వుకున్నావో చూసుకో.